కత్తెర సారు

మా ఆసిఫాబాద్‌లో ఎవరన్నా రిటైరైతే మూడు వస్తువులు ఖాయం: శాలువా, గోడగడియారం, కత్తెర సారు పుస్తకం. మొదటి రెండూ చందాల మీద వస్తాయి. మూడోది అడక్కుండానే వస్తుంది.

సారు లెక్కల టీచరుగా దిగిపోయి ఎనిమిదేండ్లయింది. ఇప్పుడు ఊళ్ళోవాళ్ళ జ్ఞాపకాలు ఏరి, కత్తిరించి, అంటించి, వాళ్ళకే బహుమతిగా ఇస్తుంటాడు. భుజాన సంచి, సంచిలో కత్తెర. “తమ్మీ, చాయ్ వద్దు. మీ ఆల్బం ఒక్కసారి చూసిస్త” అంటాడు. ఆ ‘ఒక్కసారి’ని నమ్మి మునగని ఇల్లు మా గల్లీలో లేదు. గంగాపూర్ జాతరలో మా మామ, నేను దిగిన ఫోటో అట్లనే పోయి, అట్లనే తిరిగొచ్చింది. మామ రిటైర్మెంటుకు మామ ఒక్కడే కావాలట. ఇప్పుడు మా ఇంట్లోని ఫోటోలో నా భుజం మీద ఓ చెయ్యి ఉంది. చెయ్యిగల మనిషి లేడు.

పనిమంతుడు కాదనలేం. ఫోటో వెనక మైదా లై పూయనియ్యడు, పురుగులు తింటాయని. నాలుగు మూలలకు కార్నర్లే. పేపర్ కటింగును నేరుగా అంటించడు, పసుపెక్కి పక్క ఫోటోను కూడా చెడగొడుతుందని జిరాక్స్ తీయిస్తాడు. కాగితం మీద ఆయనకున్న ప్రేమ వేరు. 2014లో కాగజ్‌నగర్ మిల్లు మూతపడితే ఇంట్లో మనిషి పోయినట్టు తిరిగాడు. 2018లో మళ్ళీ తెరిస్తే ఒకే నెలలో రెండు పుస్తకాలు చేశాడు. ఆ నెల రిటైరైంది ఒక్కడే.

ఎవరన్నా నవ్వితే హైమండార్ఫ్ దొరను బయటికి తీస్తాడు. “1941ల ఆస్ట్రియా నుంచొచ్చినాయన మన మార్లవాయిల గోండు గూడెంల ఉండి ఫోటోలు తీస్తే లండన్‌ల భద్రంగ దాసిండ్రు. మీరేమో బీరువాల చీరల కింద ఏస్తరు!” దీనికి ఎవరి దగ్గరా జవాబు లేదు. చీరల కిందే ఉన్నాయి మరి.

మొన్న ఓ హెడ్‌మాస్టరు గారి పుస్తకం చూశాను. నడిమి పేజీలో రెండు వేళ్ళంత తెల్ల కాగితం ముక్క. కింద ఎర్ర సిరాతో: ‘మంచిర్యాల ప్రయాణం. ఇద్దరం. టికెట్ నేనే తీసిన.’ మిషన్ టికెట్టు మీది అచ్చు ఎన్నాళ్ళుంటుంది? ఎప్పుడో ఎగిరిపోయింది. హెడ్‌మాస్టరు గారు దాన్ని వెలుతురుకు పట్టి చూశారు.

“టికెట్ నేను తీసిన గదా సార్?”

“మంచిగ సూడుండ్రి, రాసున్నది.”

“రాసింది మీరే గదా!”

శాలువా కప్పుకొనే అరగంట వాదించారు. ఆధారం తెల్లగా చూస్తూ ఉంది.

ఇంకో సంగతి. పుస్తకం ఎవరిదైనా సగం దాటాక సారే కనిపిస్తాడు. పిక్నిక్‌లో పులిహోర వడ్డిస్తూ, జెండా కర్ర పట్టుకొని, ఏమీ లేకుంటే ఫోటో తీస్తున్నవాడి నీడగా నేల మీద.

నా సర్వీసు ఇంకా నాలుగేండ్లుంది. నిన్న మా ఆవిడ పెండ్లి ఆల్బం తెరిస్తే, తలంబ్రాల పేజీలో నాలుగు కార్నర్లే ఉన్నాయి. “ఇదేందయ్యా, పెండ్లి మాయమైంది!” అంది. సారుకు ఫోన్ చేశాను.

“పరేషాన్ గాకు తమ్మీ, నా కాడ భద్రంగున్నది. శాలువాతోపాటే ఇస్త” అన్నాడు.