తీర్పు రిజర్వు చేయడమైనది

ఆదివారం పూట లిఫ్టు చెడిపోతే ఎన్ని అనర్థాలో! మూడో అంతస్తు మెట్ల దగ్గర మా ఆవిడా, ఎదురింటావిడా ఆయాసం తీర్చుకుంటూ మాటల్లో పడ్డారు. మా ఆవిడ ఉద్యోగస్థురాలు. ఎదురింటావిడ ‘ఇంట్లోనే ఉంటుంది’. ఈ మాట మనవాళ్ళు ఎలా అంటారంటే, ఆవిడేదో ఊటీలో విడిది చేసినట్టు.

“మీకేం వదినా, పిల్లాడికి జ్వరమొస్తే పక్కనే ఉంటారు. నేను మీటింగులో కెమెరా ఆపేసుకుని, సిరప్ ఎన్ని చెంచాలు పొయ్యాలో ఫోన్లో చెప్పాలి” అంది మా ఆవిడ.

“మీకేం వదినా, ఒకటో తారీఖున ఫోను టింగుమంటుంది. నేను పిల్లాడికి ఐస్‌క్రీం కొన్నా రాత్రికి ఆయనకి లెక్క చెప్పాలి” అందావిడ.

‘మీకేం’ల పోటీ ముదిరి, నన్ను పిలిచారు. “అన్నయ్యగారూ, మీరే చెప్పండి, ఎవరి కష్టం ఎక్కువో?”

రెండు కష్టాలూ బొత్తిగా ఎరగనివాణ్ణి కాబట్టి న్యాయమూర్తికి కావలసిన నిష్పాక్షికత నాకు పుష్కలం.

సాక్ష్యాలు పరిశీలించాను. తెల్లారి అయిదున్నరకి రెండిళ్ళ కుక్కర్లూ జంటగా కూస్తాయి. ‘రేపటికి థర్మాకోల్‌తో సౌరకుటుంబం చేసి పంపండి’ అన్న బడివాళ్ళ వాట్సాప్ రాత్రి తొమ్మిదింటికి ఇద్దరికీ వస్తుంది. పేరుకది పేరెంట్స్ గ్రూపు. నేనూ అందులో ఉండేవాణ్ణే. గుడ్‌మార్నింగుల బాధ పడలేక బయటికొచ్చేశాను. ఇల్లు చిందరవందరగా ఉంటే ఒకావిణ్ణి “ఉద్యోగం కదా, ఇల్లెక్కడ పడుతుంది” అంటారు. రెండో ఆవిణ్ణి “రోజంతా ఏం చేస్తున్నట్టో” అంటారు. నన్నెవరూ ఏమీ అనరు.

ఆపైన గణాంకాలు. 2019లో కేంద్రం చేసిన సమయ వినియోగ సర్వేలో జీతంలేని ఇంటిపనికి ఆడవాళ్ళు రోజుకి 299 నిమిషాలు, మగవాళ్ళు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. 97 చూసి ఛాతీ ఉప్పొంగింది. తీరా చదివితే, అది ఇంటిపని ముట్టుకునే మగవాళ్ళ సగటేనట. అలాంటివాళ్ళు నూటికి 26 మంది. మిగతా 74 మందిమి సర్వేకి ఏ అంతరాయమూ కలిగించలేదు.

“ఇంటిపనికీ విలువ కట్టాలండీ” అంది ఎదురింటావిడ. కట్టారు! 1989 నాటి జంషెడ్‌పూర్ అగ్నిప్రమాదం కేసులో, 2001లో సుప్రీంకోర్టు గృహిణి సేవలకి నెలకి 3,000 రూపాయలని లెక్కగట్టింది. కాకపోతే అది పోయినవాళ్ళ కుటుంబాలకిచ్చే పరిహారం. అంటే ఇల్లాలికీ జీతం ఉంది. అందుకోడానికి ఆవిడ ఉండకూడదు, అంతే. ఉద్యోగస్థురాలి మీద చట్టానికి కాస్త దయ ఎక్కువ. 2017 సవరణతో ప్రసూతి సెలవు 12 వారాల నుంచి 26 వారాలయింది. తండ్రి ఊసు ఆ చట్టంలో లేదు. అతను ఎప్పుడూ సెలవులోనే ఉంటాడని ముందే గ్రహించినట్టున్నారు.

గొంతు సవరించుకుని తీర్పు చదవబోతుంటే మా ఆవిడ ఫోను మోగింది. రెండిళ్ళలోనూ అంట్లు తోమే అమ్మాయి. “అమ్మా, రేపు రాను. పాపకి జ్వరం.”

“మళ్ళీనా!” అన్నారిద్దరూ ఒక్క గొంతుతో. అరగంటగా కుదరని ఐకమత్యం క్షణంలో కుదిరింది. మా రెండిళ్ళలో ఆ అమ్మాయి ఉద్యోగం చేసే తల్లి. సాయంత్రానికి వాళ్ళింట్లో ఇంటిపట్టున ఉండే తల్లి. ఈ వ్యాజ్యంలో ఆమెనీ చేర్చాలని ఎవరికీ తోచలేదు, న్యాయమూర్తికి అసలే తోచలేదు. పాపం, 26 వారాలు అడగలేదు. ఒక్క సోమవారం అడిగింది.

తీర్పు రిజర్వు చేసి, నాకు చేతనయిన ఒకే ఒక్క ఇంటిపనికి, అంటే ఈ కాలమ్ రాయడానికి, కూర్చున్నాను. రెండు వంటగదుల్లోంచీ గిన్నెల చప్పుడు వినిపిస్తోంది. రోజూ కంటే కాస్త గట్టిగానే.