టీ గ్లాసుకు జాగా లేదు

ఖమ్మంలో మా ఇంటి హాల్లో ఒక గాజు బల్ల ఉంది. దాని మీద వెదురు పళ్ళెం, పళ్ళెంలో మూడు కొవ్వొత్తులు (కరెంటు పోయినా వెలిగించకూడదు), పక్కన ఒకదాని మీద ఒకటిగా మూడు లావుపాటి పుస్తకాలు, పుస్తకాల మీద ఇత్తడి తాబేలు, ఆ పక్కన సీసాలో ఎండుగడ్డి. గడ్డిని డబ్బులిచ్చి కొన్నాం. టీ గ్లాసు పెట్టుకోవడానికి మాత్రం జాగా లేదు.

ఇదంతా మా అమ్మాయి ఫోన్లో చూసి నేర్చుకున్న విద్య. బల్ల మీద వస్తువులు బేసి సంఖ్యలో ఉండాలట. ఒకటి పొడుగు, ఒకటి మధ్యస్థం, ఒకటి పొట్టి. మేం ఇంటి మెట్లకి బేసి లెక్క చూసేవాళ్ళం, ఇప్పుడది కొవ్వొత్తుల దాకా వచ్చింది. పుస్తకాల ఎంపిక అట్టల రంగుని బట్టి జరిగింది. అడుగున ఉన్న ముదురాకుపచ్చ పుస్తకం నేను డిగ్రీలో చదివిన అకౌంటెన్సీ. అప్పుడూ నాకు అక్కరకు రాలేదు, ఇప్పుడు కనీసం తాబేలుని మోస్తోంది.

మేమేదో ఇంతకు ముందు నిరాడంబరంగా బతికామని కాదు. గోడలో షోకేసు, అందులో కొండపల్లి దశావతారాలు, దుబాయి నుంచి ఎవరో తెచ్చిన సెంటుసీసా ఖాళీది, మూడో తరగతి పరుగుపందెం కప్పు అన్నీ ఉండేవి. టీవీకి గుడ్డ, గుడ్డ మీద అల్లికల గుడ్డ, దాని మీద ప్లాస్టిక్ పూలగుత్తి. టీవీలు సన్నబడ్డాక ఆ పూలగుత్తికి ఉపాధి పోయింది. నిరుద్యోగం గురించి ఇన్ని వ్యాసాలు రాశారు గాని, దీని మీద ఎవరూ రాయలేదు.

ఇప్పటి ముచ్చట వేరు. మూలన సొరబుర్ర దీపం పెట్టాం. చర్ల, దుమ్ముగూడెం వైపు కోయ ఇళ్ళలో నీళ్ళకి, జావకి, జీలుగు కల్లుకి వాడే బుర్రే. దానికి నునుపు పట్టించి, వార్నిష్ కొట్టి, ఒళ్ళంతా చిల్లులు పొడిచి, లోపల బల్బు పెట్టి అమ్ముతున్నారు. పోయిన నెల భద్రాచలం నుంచి మా మేనత్త వచ్చింది. టీ గ్లాసు పట్టుకుని బల్లకేసి చూసింది, తాబేలుకేసి చూసింది, చివరికి గ్లాసు కింద పెట్టింది. ఆనక మూలకి వెళ్ళి బుర్రని తడిమింది.

"ఇదేందిరా, బంగారం లాంటి బుర్రకి బొక్కలు పొడిచారు? ఇంక నీళ్ళెట్లా నిలుస్తాయి?"

నా దగ్గర జవాబు లేదు. మా అమ్మాయి దగ్గర ఉంది గాని, అది ఇంగ్లీషులో ఉంది.

అత్తయ్య ఇంట్లోనూ సర్దుడు ఉంటుంది. అక్కడ డిజైనరు గోదావరి. స్నానఘట్టం దగ్గర నీటిమట్టం 43 అడుగులకి వస్తే మొదటి హెచ్చరిక: మంచం కింద ట్రంకుపెట్టె మంచం మీదికెక్కుతుంది. 48 అడుగులకి రెండోది: బియ్యం బస్తా బల్ల మీదికి. 53 అడుగులకి మూడోది: పాసుపుస్తకం, పిల్లల సర్టిఫికెట్లు, మామయ్య ఫొటో ప్లాస్టిక్ సంచిలో మూట కట్టి అటక మీదికి. 1986లో 75.6 అడుగులు వచ్చిన లెక్క ఆవిడకి నోటికొచ్చు. 2022 జులైలో 71.3 అడుగులు వచ్చినప్పుడు, వంతెన మీద రాకపోకలు ఆపకముందే మూటతో మా ఇంటికి చేరింది. అప్పటికి మాకు ఈ బల్ల లేదు గనక మూట పెట్టడానికి చోటు దొరికింది.

ఈసారి ఆవిడ తెచ్చింది పేరంటపల్లి పూలు. పాపికొండల లాంచీ ఆగినప్పుడు కొండరెడ్లు అమ్ముతారే, వెదురుని పలచగా చెక్కి రంగులద్దినవి, అవి. నారింజ, ఆకుపచ్చ, గులాబి. మా అమ్మాయి మొహమాటపడింది. హాలు రంగుకి కుదరవట. అవే పూలు రంగు వెలిసిపోయి ఆన్‌లైన్లో దొరికితే కుదిరేవి.

ఆ పేరంటపల్లి వేలేరుపాడు మండలంలో ఉంది. ఖమ్మం జిల్లాలోనే ఉండేది. 2014లో పోలవరం ముంపు పేరు చెప్పి దాన్ని ఆంధ్రప్రదేశ్ అరలోకి జరిపారు. అలా జరిపినవి మొత్తం 7 మండలాలు. బేసి సంఖ్యే, గమనించండి. భద్రాచలం పట్టణాన్ని తెలంగాణ పళ్ళెంలో ఉంచి, ఆనుకుని ఉన్న ఏటపాక, పురుషోత్తపట్నం లాంటి 5 పంచాయతీలను పక్క పళ్ళెంలో పెట్టారు. ఇదీ బేసే. రాముడు ఇటు, రాముడి భూములు అటు. పటంలో చూస్తే అమరిక ముచ్చటగానే ఉంటుంది. భద్రాచలంలో ఊరి చెత్త పోసుకోవడానికి మాత్రం జాగా లేదు. మేం తెలంగాణలోకి వెనక్కి వస్తామని ఆ 5 ఊళ్ళవాళ్ళు అడుగుతూనే ఉన్నారు. ఒకసారి సర్దిన బల్లని కదిపితే అందం చెడుతుందని కాబోలు, ఎవరూ ముట్టుకోవడం లేదు.

మా బల్లని మాత్రం నేను ముట్టుకున్నాను. తాబేలు అటకెక్కింది, గడ్డి బయటికి పోయింది, ఆ సీసాలో ఇప్పుడు పేరంటపల్లి పూలున్నాయి. మా అమ్మాయి రెండు రోజులు మాట్లాడలేదు.

జులై వస్తోంది. భద్రాచలం పల్లపు వాడల్లో మీకు చుట్టాలుంటే బల్ల మీద కాస్త జాగా చేసి ఉంచండి. వాళ్ళు వట్టి చేతులతో రారు.