శనివారపు మిఠాయి పద్యం: టీకా తాత్పర్యాలు

అవతారిక: స్వీడన్ దేశపు తల్లి ఒకర్తె, శుక్రవారం నాడే కొట్టు ముందు మారాం చేస్తున్న కొడుకుతో ఇట్లనుచున్నది.

ఆ.వె.
పైన పులుపు పూత పంటికి తగులంగ
కన్ను మూసి నోరు కదుపు వేళ
తీపి మెల్లగాను తెలియును, శనివార
మందె తినుము బాల! మంచి మాట.

టీక: పైన = మిఠాయి మీద; పులుపు పూత = నిమ్మ ఉప్పు, మాలిక్ ఆమ్లం కలిపిన పంచదార పొడి; పంటికి తగులంగ = కొరికిన క్షణాన; కన్ను మూసి = భక్తితో కాదు, పులుపు దెబ్బకు; నోరు కదుపు వేళ = లాలాజలం ఊరి ఆ పొడి కరిగేటప్పుడు. తక్కినది స్పష్టం.

'తినుము' అంటే ఏమి తినవలెనని ఆకాంక్ష. కర్మ పద్యంలో లేదు. 'బబ్స్ పుర్రె', అంటే బబ్స్ కంపెనీ చేసే పుర్రె ఆకారపు మిఠాయి, అని అధ్యాహారం చేసుకోవాలి. 1992లో యోన్‌షోపింగ్ ప్రాంతంలో పుట్టిన ఈ కంపెనీ తన మిఠాయిల్లో జెలటిన్ వాడదు. ప్యాకెట్టు తిప్పి సన్నక్షరాలు చదివితే గాని గమ్మీ ముట్టని అమెరికా తెలుగు శాకాహారులకు ఈ అధ్యాహారం మిక్కిలి హృద్యం.

తాత్పర్యం: పులుపు ముందుగా నాలుకను ఆక్రమించి తీపిని అణచి ఉంచుతుంది. పొడి కరిగాక బయటపడిన తీపి, ఉన్నదానికంటె పెద్దదిగా తోస్తుంది. ఇది విరోధాభాసం. అతిశయోక్తి అన్నవారు తిని ఉండరు.

ఇక 'మంచి మాట'. గణాలు చాలక కవి చేసిన పాదపూరణమని కొందరు కొట్టిపారేశారు. అది తగదు. ఆ మాట వెనుక ఒక చరిత్ర ఉంది. 1940లలో స్వీడన్‌లోని లుండ్ నగరంలో వీపెహోల్మ్ అనే ఆశ్రమం ఉండేది. బుద్ధిమాంద్యం గలవారిని అక్కడ ఉంచేవారు. పళ్లు ఎందుకు పుచ్చుతాయో తేల్చడానికి, వారి సమ్మతి లేకుండానే, పంటికి అతుక్కుపోయేలా ప్రత్యేకంగా చేసిన టాఫీలు తినిపించారు. కొందరికి రోజుకు 24. ఖర్చులో కొంత చక్కెర, చాక్లెట్ పరిశ్రమలే పెట్టుకున్నాయి. ఎంత తిన్నారన్నదాని కంటె, భోజనాల నడుమ ఎన్నిసార్లు తిన్నారన్నదే పళ్లకు ముప్పని తేలింది. ఎందరి పళ్లో పాడయ్యాక తేలింది. అటుపైన పిల్లలకు మిఠాయి వారానికొక్కసారి చాలునని వైద్యాధికారులు సలహా ఇచ్చారు. శనివారానికి ఆ పీఠం అలా దక్కింది. కనుక మాట మంచిదే. పుట్టుక మంచిది కాదు. తల్లికి ఇది తెలుసునా అన్న ప్రశ్నకు పద్యంలో ఆధారం లేదు.

పాఠాంతరం: 2024లో టిక్‌టాక్ పుణ్యమా అని ఈ పద్యం అమెరికాలో విస్తారంగా ప్రచారమైంది. స్వీడన్ సరుకు దిగుమతి చేసుకునే న్యూయార్కు కొట్ల ముందు జనం వరసలు కట్టారు. అక్కడి ప్రతుల్లో 'శనివారమందె' బదులు 'ప్రతివారమందు', అంటే ఏ రోజైనా సరే, అని కనిపిస్తుంది. ఛందస్సు చెడదు, పళ్లే చెడతాయి. స్వదేశపు పాఠమే గ్రాహ్యం. అక్కడ పిల్లలు శనివారం దాకా ఆగి, చిన్న పారతో డబ్బాల్లోంచి నచ్చినవి తోడుకొని, కాగితపు సంచీ తూయిస్తారు.

దీని తరువాతి పద్యం సాల్మియాక్ అనే నల్లని ఉప్పు మిఠాయి గురించి. అందులో పడేది గిన్నెలకు కళాయి వేసేవారు వాడే నవాసారమే. దానికి టీక రాయడానికి వ్యాఖ్యాత నాలుక సమ్మతించలేదు.