గోదావరీ ముఖపటము: ఆత్మకథ

నా పేరు ఎన్‌.ఈ. 44-15. పదునారవ అక్షాంశము మొదలు పదునేడవ అక్షాంశము వరకును, 81వ రేఖాంశము మొదలు 82½ వరకును గల భూభాగమును, అనగా కొల్లేటి సరస్సు నుండి భీమవరము, నరసాపురము, అమలాపురము, యానాము, కాకినాడల దాక విస్తరించిన డెల్టాభూమి నంతటిని ఒక్క కాగితముపై ధరించి, 1950వ దశకమున అమెరికా సైన్యపు పటశాఖవారి యు502 వరుసలో 1:2,50,000 ప్రమాణమున ముద్రింపబడితిని. నా రేఖలకు మూలము భారత సర్వే శాఖవారు ఊరూర తిరిగి కొలిచి గీసిన పటములే గనుక, అచ్చయినది పరదేశమున నైనను నా వంశము ఈ నేలదే.

ఆస్టిన్ నగరమున నున్న టెక్సాసు విశ్వవిద్యాలయపు పెర్రీ-కాస్టనేడా గ్రంథాలయమున మా వరుసను స్కాను చేసి, అంతర్జాలమున అందరికిని అందుబాటులో నుంచిరి. అమెరికా ప్రభుత్వ ముద్రణములకు ఆ దేశమున కాపీహక్కు లేదు. అందుచేత నేడు కోనసీమ లంకలో కూర్చున్న రైతుబిడ్డ సైతము చేతిలోని ఫోనున నన్ను తెరచి, తన తాతలనాటి రేవు నా పైన నున్నదో లేదో వెదకుకొనవచ్చును. ఇంతకంటె నాకు కావలసిన గౌరవ మేమున్నది?

అయితే బొమ్మ యొక్కటే పటము కాజాలదు. నా నాలుగు మూలలను నేటి ఉపగ్రహచిత్రముపై పొదుగు వేళ, నేను జార్జి ఎవరెస్టు 1830లో గణించిన భూమ్యాకారము ననుసరించి గీయబడితిననియు, నేటి యంత్రములు డబ్ల్యూ.జీ.ఎస్‌. 84 అను వేరొక ఆకారమును గ్రహించుననియు ఎరుగక పనిచేసినచో, నా చెరువు లన్నియు కొన్ని వందల అడుగులు పక్కకు జరిగిపోవును. అపుడు చూచువాడు గణనలోని ఆ దోషమును గోదావరి ఒడ్డు కోసిన దూరముగా భ్రమించి, నది చేయని అపరాధమును నదికి అంటగట్టును. లంకభూముల తగవులు ఎరిగిన మీకు ఈ భ్రమ యెంత ప్రమాదకరమో నేను చెప్పనక్కర లేదు. దీనిని నివారించు వివరము నా అంచునే ముద్రింపబడి యున్నది.

కాగితమునకు వచ్చు చెదలు కంటికి కనబడును. స్కాను చేసిన ఫైలులో చెదరిన అక్షరము కనబడదు. కావున ప్రతి ఫైలునకును చెక్‌సమ్ అను గుర్తుసంఖ్యను లెక్కించి, ఆ సంఖ్య మారలేదని నియతకాలమున సరిచూచుకొనుచు, కుదింపని టిఫ్ మూలప్రతులను వేర్వేరు నగరములలో భద్రపరచుట గ్రంథపాలకుని నిత్యకర్మ. ఎవరును మెచ్చని ఈ పనియే మమ్ము బ్రతికించునది.

తెలుగు జిల్లాల కచేరీలలో గ్రామపటములును, ఎఫ్‌.ఎం.బి. అను క్షేత్రకొలతల పుస్తకములును ఇంకను మూటలలో నున్నవి. వానిని స్కాను చేయు మహాశయులారా, అంచులు కత్తిరింపకుడు. సంవత్సరము, ప్రమాణము, సర్వే సంఖ్య అచ్చటనే యుండును.