మూడు విజిల్స్ రచయిత్రి

మా ఇంట్లో రోజూ రాసేవాళ్ళు ఇద్దరే. మా అత్తగారు రామకోటి రాస్తారు. మా ఆయన ఖర్చుల పుస్తకం రాస్తారు. రచయిత్రినని చెప్పుకుని తిరిగేది మాత్రం నేను.

చెప్పుకోవడానికి ఆధారం లేకపోలేదు. పదకొండేళ్ళ కిందట ఒక వారపత్రికలో నా కథ పడింది. దాన్ని పాతిక జిరాక్సులు తీయించి, ఆ శ్రావణమాసం పేరంటానికి వచ్చినవాళ్ళందరికీ శనగలు, తాంబూలంతో పాటు ఇచ్చాను. మర్నాడు ఎదురింటి వదినగారు గుమ్మంలో ఆపి మరీ "బావున్నాయి" అన్నారు. బహువచనం ఏమిటా అని ఆలోచిస్తే, శనగలు. ఆ తర్వాత ఇంకో పత్రికలో, దోసెలు అంటుకోకుండా పెనాన్ని సగం కోసిన ఉల్లిపాయతో రుద్దమని నేను రాసిన చిట్కా వేశారు. చుట్టాల్లో నాకున్న కీర్తంతా ఆ ఉల్లిపాయదే.

రోజూ రాయాలన్న నిర్ణయం నేను తీసుకోని సంవత్సరం లేదు. జనవరి 1న మొదలుపెడదామంటే అది మన సంవత్సరాది కాదు. సంక్రాంతికి అరిసెలు. సరే, ఉగాది అచ్చంగా మనది కదా అని ఒక ఏడు కొత్త పుస్తకానికి పసుపు కూడా రాసి కూర్చున్నాను. గుడిలో పంచాంగ శ్రవణానికి వెళ్తే నా రాశికి రాజపూజ్యం 2, అవమానం 6 అన్నారు. అంత స్పష్టంగా చెప్పాక కూడా కథలు రాసి సంపాదకులకి పంపడం దైవాన్ని ధిక్కరించినట్టే కదా. ఆ ఏడు వదిలేశాను. ఆషాఢంలో శుభకార్యాలు మొదలుపెట్టకూడదు. శ్రావణంలో నోములు, ఆశ్వయుజంలో దసరా, కార్తీకంలో చన్నీళ్ళ స్నానాలు, దాంతో జలుబు. పుస్తకం మాత్రం లక్షణంగా ఉంది. పసుపు కూడా చెదరలేదు.

నా దగ్గర గది లేకపోవడమే లోపమని చాలాకాలం నమ్మాను. వర్జీనియా ఉల్ఫ్ 1929లోనే చెప్పిందిగా, ఆడది కథలు రాయాలంటే ఏడాదికి 500 పౌన్ల రాబడి, తాళం వేసుకోగల గది కావాలని. పౌన్ల సంగతి మా ఆయనతో ఎత్తలేదు. గది సంగతి ఎత్తాను. అమ్మాయి ఇంజినీరింగు హాస్టలుకి వెళ్ళగానే దాని గదిలో కిటికీ ముందు బల్ల వేయించుకుని, మీద మల్లెపువ్వుల గ్లాసు పెట్టి, మూడు ఫొటోలు తీసి, అలిసిపోయి పడుకున్నాను. వారం తిరిగేసరికి 26 కిలోల బియ్యం బస్తా ఆ గదిలోకొచ్చింది, "కాస్త ఎలకలు తగ్గేదాకా" అని. తర్వాత ఇస్త్రీ బట్టలు. ఆవకాయ జాడీలు, అక్కడ చల్లగా ఉంటుందని. వీటిలో సగం నేనే మోసుకొచ్చి పెట్టానని ఒప్పుకోవాలి. ఇప్పుడు ఆ గదికి వెళ్ళేది శేరు బియ్యానికే.

గది పోయాక లోపం సమయంలో ఉందని కనిపెట్టాను. ఫ్రాన్సెస్కో సిరిల్లో అనే ఇటలీ ఆయన 1980ల చివర్లో, చదువుకునే రోజుల్లో, వంటింట్లో వాడే టమాటా ఆకారపు గడియారాన్ని 25 నిమిషాలకి తిప్పి, అది మోగేదాకా లేవకుండా పని చేసుకునేవాడట. దాన్ని టమాటా పద్ధతి అంటారు. మనకి కుక్కరు ఉండగా టమాటా ఎందుకు? కందిపప్పుకి మూడు విజిల్స్. పొయ్యి మీద పెట్టి, డైనింగ్ టేబుల్ దగ్గర పుస్తకం తెరిచి, మూడో విజిల్ దాకా రాయడం. మొదటి విజిల్‌కి పేరు పెట్టేదాన్ని. రెండోదానికి కొట్టేసేదాన్ని. మూడోదానికి పొయ్యి కట్టేసేదాన్ని. ఇలా పదిహేను రోజుల్లో పద్నాలుగు పేర్లు తయారయ్యాయి. ఒక్కరోజు మాత్రం, అబద్ధం ఎందుకు, నిజంగానే కథలో పడ్డాను. విజిల్స్ వినపడలేదు. మాడు వాసనకి తేరుకుని చూసుకుంటే పేజీన్నర రాశాను, కుక్కరు అడుగు బొగ్గయింది. కథలో అమ్మాయి ఇంకా బస్సు దిగలేదు. ఇవాళ్టికీ దిగలేదు.

అప్పటి నుంచీ ఎవరు అడిగినా నా జవాబు ఒకటే: "వంటింట్లో పడ్డాక ఇంకేం రాస్తామండీ!" ఈ మాటకి ఆడవాళ్ళ మధ్య ఎంత సానుభూతో! నేను దాని మీద సుఖంగా బతుకుతుండగా మా ఆయన పోయిన వేసవిలో వారం రోజులు సెలవు పెట్టి, "ఈ వారం వంట నాది. నువ్వు రాసుకో" అన్నారు. పెళ్ళయి 24 ఏళ్ళు. ఇంత దెబ్బ ఎప్పుడూ కొట్టలేదు.

సోమవారం బాగానే గడిచింది. "ఇదిగో, ఆవాలెక్కడ?" "ఇంగువ ఏ డబ్బాలో?" అని నాలుగు నిమిషాలకోసారి కేక. పైకి విసుక్కుంటూ పరిగెత్తేదాన్ని. లోపల ప్రాణం లేచొచ్చేది. బుధవారానికి ఆయనకి డబ్బాలన్నీ తెలిసిపోయాయి. ఇంట్లో చప్పుడు లేదు. ఎదురుగా తెల్ల కాయితం, పైన ఫ్యాను, నేను. నేనే వెళ్ళి "పోపు మాడుతున్నట్టుంది" అన్నాను. మాడట్లేదు. భుజాలు పట్టుకుని వెనక్కి తిప్పి పంపేశారు. గురువారం పుస్తకాల బీరువా సర్ది, రచయితల పేర్ల ప్రకారం అకారాది క్రమంలో పెట్టాను. శుక్రవారం పెన్నులన్నీ గీసి చూసి, రాయనివి పారేశాను. రాసేవి ఏడు మిగిలాయి. శనివారం ఆయన గుత్తి వంకాయ చేశారు. నాకంటే బాగా కుదిరింది. వారం మొత్తానికి నా దిగుబడి 11 వాక్యాలు, వాటిలో కొట్టేసినవి 4. ఆయన ఏమీ అనలేదు. రాత్రి ఖర్చుల పుస్తకంలో "నూనె, అదనంగా 1 లీటరు" అని రాసుకుని పడుకున్నారు.

ఆ దెబ్బతో శాస్త్రీయంగా వెళ్దామనుకున్నాను. 21 రోజులు చేస్తే ఏదైనా అలవాటవుతుందని అందరూ అంటారు కదా. ఆ మాట మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే ప్లాస్టిక్ సర్జన్ 1960లో వేసిన పుస్తకంలో ఉంది. ఆయన అన్నది, ముక్కు సరిచేయించుకున్నవాళ్ళకి కొత్త ముఖం అలవాటు కావడానికి కనీసం 21 రోజులు పడుతోందని. అది నోరూ నోరూ దాటి వచ్చేసరికి 'కనీసం' రాలిపోయింది, ముక్కూ పోయింది. తర్వాత లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ బృందం 96 మందిని పెట్టుకుని చూస్తే, సగటున 66 రోజులు తేలింది. కొందరికి 18, ఇంకొందరికి 254. మధ్యలో ఒక రోజు తప్పితే కొంపేం మునగదని కూడా చెప్పారు. ఆ పరిశోధన మొత్తంలో నేను నిష్ఠగా పాటించింది ఈ ఆఖరి ముక్కనే.

విశ్వనాథ సత్యనారాయణగారు వేయిపడగలని 29 రోజుల్లో ఆశువుగా చెబుతూ పోతే తమ్ముడు వెంకటేశ్వర్లుగారు రాసిపెట్టారని చెబుతారు. నాకూ ఒక తమ్ముడున్నాడు, హైదరాబాదులో. ఫోన్ చేసి "నేను చెబుతాను, రోజూ ఓ గంట రాసిపెడతావురా?" అన్నాను. "వాయిస్ టైపింగ్ ఉంది కదక్కా" అని పెట్టేశాడు. సరే, ఫోన్ ముందు కూర్చుని కథలో ముఖ్యమైన ఘట్టం గొంతు వణికిస్తూ చెప్పాను. అత్తగారు పెరట్లోంచి ఏదో అంటున్నారని తెలుసు గానీ ఆవేశంలో ఆగలేదు. తర్వాత చూసుకుంటే: "ఆమె కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి మోటారు కట్టెయ్యి ట్యాంకు పొంగిపోతోంది."

నేను రాసినవాటిలో మా అమ్మాయికి నచ్చిన వాక్యం ఇదొక్కటే.

అత్తగారి సంగతి చెప్పాలి. ఆంథనీ ట్రోలోప్ అని ఒక ఇంగ్లీషు నవలాకారుడు, తపాలాశాఖ ఉద్యోగి. తెల్లవారుజామున ఐదున్నరకల్లా బల్ల దగ్గర కూర్చుని, గడియారం ఎదురుగా పెట్టుకుని, పావుగంటకి 250 మాటల చొప్పున రాసేవాడు. కాఫీ ఇచ్చి లేపినందుకు ఒక ముసలి నౌకరుకి ఏడాదికి 5 పౌన్లు అదనంగా ఇచ్చేవాడట. మా ఇంట్లో నాలుగున్నరకే లేచి డికాషన్ దింపే మనిషి పైసా అడగకుండా ఉన్నారు కదా అని, నన్నూ లేపమన్నాను. లేపారు. హాల్లో ఆవిడ ఎదురుగా కూర్చున్నాను. ఆవిడ గళ్ళు అచ్చేసిన పుస్తకం తెరిచి, 5 రూపాయల బాల్‌పెన్నుతో రాసుకుంటూ పోయారు. నేను ఆవిడ రాయడం చూస్తూ కూర్చున్నాను. మంచి కాలక్షేపం.

రోజుకి వెయ్యి. మా పెళ్ళయిన మరుసటేడు మొదలుపెట్టారు. వెయ్యి చొప్పున కోటికి పదివేల రోజులు, అంటే 27 ఏళ్ళ పైన. ఇప్పటికి 84 లక్షల దగ్గర ఉన్నారు. నిండిన పుస్తకాలు అట్టపెట్టెల్లో మంచం కింద ఉన్నాయి, పూర్తయ్యాక భద్రాచలం తీసుకెళ్ళాలని. కరెంటు పోతే కొవ్వొత్తి, చుట్టాలొస్తే వాళ్ళతో మాట్లాడుతూనే, సీరియల్లో ఎవరికో యాక్సిడెంటయితే "అయ్యో" అంటూనే రాస్తారు. ఉండబట్టలేక అడిగాను.

"రాయాలనిపించని రోజు ఉండదా అత్తయ్యా?"

"స్నానం చెయ్యాలని రోజూ అనిపించే చేస్తున్నావా?"

"మీదంతా ఒకటే మాట. నాకైతే రోజూ కొత్త మాటలు కావాలి కదా."

"అయితే నీ పనే సులువు. విసుగైనా ఉండదు."

నాలుగో రోజు నుంచి లేపొద్దని చెప్పాను.

మొన్న ఆవిడకి కుడికంట్లో శుక్లం తీశారు. పది రోజులు తల వంచి రాయడం, చదవడం వద్దన్నారు డాక్టరుగారు. ఆపరేషన్‌కి బెదరని మనిషి ఆ మాటకి బెంబేలెత్తిపోయారు. మీ పుస్తకంలో నేను రాస్తానన్నాను. "నువ్వు రాస్తే నాకెలా జమవుతుందీ?" అన్నారు. చివరికి ఏర్పాటు ఏమిటంటే, ఆవిడ నల్లకళ్ళద్దాలు పెట్టుకుని వాలుకుర్చీలో కూర్చుని పైకి అంటారు, నేను పదికో గీత గీయాలి. తులసిమాల తిప్పుకోవచ్చు కదా అంటే, దాంతో నిద్రొచ్చేస్తుందట. పుస్తకంలో పడితే గానీ నమ్మకం కుదరదట.

అందుకని పసుపు రాసిన నా ఉగాది పుస్తకం బయటికొచ్చింది. తెల్లవారుజామున ఐదింటికి "శ్రీరామ, శ్రీరామ" అని ఆవిడ, గీతలు గీస్తూ నేను. మానేద్దామంటే లెక్క నాది కాదు, తప్పించుకోవడానికి వంటా లేదు, పంచాంగమూ లేదు. అయితే గీతకీ గీతకీ మధ్య చెయ్యి ఖాళీయే. పది నామాలయ్యేలోపు నాలుగు మాటలు పడతాయి. గీత గీయడం, పక్కన నాలుగు మాటలు రాయడం. మళ్ళీ గీత. మీరు ఇంతసేపూ చదివింది ఆ గీతల మధ్యలోదే.

పదకొండో రోజు డాక్టరుగారు సరేనన్నారు. ఇంటికి రాగానే అత్తగారు పుస్తకం అందుకుని, కొత్త కంటికి దగ్గరగా పెట్టుకుని, పేజీలు తిప్పారు. నా గుండె దడదడలాడింది. ఎంతైనా మొదటి పాఠకురాలు. చాలాసేపు చూశారు.

"ఇవి గీతలా, నీ అక్షరాలా?"

"రెండూ ఉన్నాయత్తయ్యా."

"కలిసిపోయాయే! నీ కొమ్ములూ దీర్ఘాలూ నా లెక్కలో పడ్డాయేమో. ఎందుకొచ్చిన గొడవ, ఓ రెండొందలు కొట్టెయ్. అవి రేపు చెప్పేస్తాను. ఐదింటికి లే."