మహామంత్రి జియా సిదావోకు జేజేలు

మహామంత్రీ జియా సిదావో! మీవంటి రక్షకుడు దొరకడం దక్షిణ సాంగ్ రాజ్యం ఏ జన్మలోనో చేసుకున్న పుణ్యం. మీ అక్కగారు లిజాంగ్ చక్రవర్తి అంతఃపురంలో ఉండబట్టే మీకు పదవులు వచ్చాయనేవాళ్లవి పాపిష్టి నోళ్లు.

1259లో మంగోలు సేనాని కుబ్లాయ్ ఎజౌ కోటను ముట్టడించాడు. అప్పటికే అతని అన్న మోంకే ఖాన్ చనిపోయాడు. సింహాసనం చేజారకుండా కుబ్లాయ్ ఉత్తరానికి మళ్లాడు. మీ పరాక్రమానికి జడిసే పోయాడని మీరు రాజధాని లిన్ఆన్‌కు కబురు పంపారు. తనంతట తాను వెళ్లిపోయే శత్రువు వెనక జయభేరి మోగించడానికి ఎంత గుండె కావాలి! ఆ విజయం మీద గ్రంథం కూడా రాయించారు. మరుసటి ఏడు కుబ్లాయ్ దూత హావో జింగ్ సంధి మాటలకు వస్తే, అసలు సంగతి ఎక్కడ బయటపెడతాడో అని, దాదాపు పదిహేనేళ్లు కదలనివ్వకుండా అతిథి మర్యాదలు చేశారు.

లెక్కలంటే మీకు ప్రాణం. సరిహద్దు సేనానుల యుద్ధ ఖర్చులను పైసాతో సహా తవ్వించారు. వాళ్లలో బెదిరిపోయిన లియూ జెంగ్ 1261లో మంగోలుల్లో చేరి, వాళ్లకు నౌకాదళం తయారుచేసిపెట్టాడు. గుర్రాలెక్కేవాళ్లను పడవలెక్కించిన ఘనతలో సగం మీదే. 1263లో సైన్యం తిండిగింజల కోసం భూస్వాముల మిగులు భూములు కొన్నారు. ఆలోచన మంచిదే. ధర కింద కాగితపు నోట్లూ, సన్యాస దీక్షా పత్రాలూ చేతిలో పెట్టారు. భూమి పోయినవాడికి ఇక సన్యాసమే గతి అని ముందే గ్రహించిన దూరదృష్టి మీది!

మీరు రాజీనామా చేస్తానంటే లిజాంగ్ తర్వాత వచ్చిన డుజాంగ్ చక్రవర్తి కన్నీళ్లు పెట్టుకున్నాడు. అందుకే దయతలచి పదిరోజులకోసారి కొలువుకు వచ్చారు. తక్కిన రోజుల్లో పడమటి సరస్సు ఒడ్డు మేడలో కీచురాళ్ల పందేలు చూశారు. యుద్ధాభ్యాసం మానలేదన్నమాట. షియాంగ్యాంగ్ కోట మీద మంగోలుల ముట్టడి మూడేళ్లుగా సాగుతోందట కదా అని చక్రవర్తి అడిగితే, శత్రువు ఎప్పుడో వెనుదిరిగాడని సెలవిచ్చారు. ముట్టడి సంగతి చక్రవర్తి చెవిన వేసిన అంతఃపుర స్త్రీని చంపించారని చరిత్ర రాసింది. 1273లో ఆ కోట లొంగిపోయింది. ఆ కబురును మాత్రం చంపలేకపోయారు.

1275లో లక్షా ముప్పై వేల సైన్యంతో, 2,500 పడవలతో యాంగ్‌ట్సీ నది మీద కదిలారు. డింగ్జియాజౌ దగ్గర మంగోలు సేనాని బయాన్ సేన విరుచుకుపడగానే పడవెక్కి తప్పించుకున్నారు. పలాయనంలోనూ మీరు వెనకబడలేదు. పదవి పోయి ప్రవాసానికి వెళ్తుంటే కావలిగా వచ్చిన జెంగ్ హుచెన్ మిమ్మల్ని జాంగ్‌జౌలో చంపాడు.

మీ చరిత్రను కూర్చింది మంగోలుల కొలువులో కాబట్టి కొన్ని నీలాపనిందలు కలిసి ఉండొచ్చు. డింగ్జియాజౌ మాత్రం కల్పన కాదు. 1276లో లిన్ఆన్ లొంగింది, 1279లో సాంగ్ వంశమే ముగిసింది. చెడ్డ కబురు పడకుండా చక్రవర్తి చెవికి మీరు కాసిన కాపలాలో పదో వంతు సరిహద్దుకు కాసి ఉంటే, ఆ రాజ్యం ఇంకొన్నాళ్లు బతికేది.