మద్దెల చూపులు

ఆడలేక మద్దెల ఓడన్నది పాత సామెత. అందులోని మనిషి కనీసం ఆడి చూశాడు. కాలు తడబడ్డాకే మద్దెల మీదికి నెపం తోశాడు. నలభై దాటాక వాయిద్యం నేర్చుకుందామనుకునే మన పెద్దమనిషికి అంతకన్నా ముందుచూపు ఎక్కువ. గజ్జె కట్టకముందే ఊళ్ళో మద్దెలలన్నీ తట్టి చూసి, దేనికి ఎక్కడ పగులుందో రాసిపెట్టుకుంటాడు. ఈయన్ని మీరెరుగుదురు. మీ ఆఫీసులో అకౌంట్స్ సెక్షన్లో ఉంటాడు, లేదా మీకు తోడల్లుడై ఉంటాడు. పిల్ల ఇంజనీరింగులో చేరింది, ఇంటి లోను సగం తీరింది, డాక్టరు బీపీ మాత్ర రాసిస్తూ ‘ఏదైనా హాబీ పెట్టుకోండి’ అన్నాడు. ఆనాటి నుంచి దుకాణాలు తిరుగుతున్నాడు. ఆ తిరగడం అచ్చం పెళ్ళిచూపులే. వెళతాడు, కుర్చీలో కుదురుగా కూర్చుంటాడు, ఒకసారి మీటించమంటాడు, వంశం ఆరా తీస్తాడు, కాఫీ ఇస్తే తాగుతాడు, ‘ఇంటికెళ్ళి కబురు చేస్తాం’ అని లేస్తాడు. ఏ దుకాణానికీ ఇంతవరకు ఆ కబురు అందలేదు.

వచ్చిన సంబంధాలు తక్కువవేమీ కావు. మొదట చూసింది వీణ. బొబ్బిలి దగ్గర గొల్లపల్లిలో ఒకే పనస దుంగను తొలిచి చేసే ఏకాండి వీణ గురించి ఆయన అరగంట ఆపకుండా చెప్పగలడు. 24 మెట్లు, వాయించే తీగలు 4, తాళానికి పక్కన మరో 3, మెట్లను నిలబెట్టేది మైనం కనుక ఎండాకాలం జాగ్రత్త. ఇంత తెలిసినవాడు వీణ ఎందుకు కొనలేదంటే, మోకాళ్ళు. గంటసేపు బాసింపట్టు వేసుకోవడం తన వల్ల కాదట. క్రికెట్ మ్యాచ్ ఉన్నరోజున అదే బాసింపట్టు సోఫా మీద ఐదు గంటలు చెక్కుచెదరదు. వయొలిన్‌కు అసలు మెట్లే లేవు, స్వరం ఎక్కడుందో వేలికి ఎవరు చెబుతారు? వేణువు మంచిదే కాని తనకు చిన్నప్పటి నుంచి ఇస్నోఫీలియా. మృదంగానికి వాయించబోయే ముందు తొప్పి మీద తడిపిన రవ్వ అద్దాలి. ఉప్మాకని తెచ్చిన రవ్వ జోలికి వెళ్ళడానికి ఇంట్లో అనుమతి దొరకదు. కీబోర్డుకు 61 మీటలున్నా గమకం పలకదు. పలికించవలసిన గమకం తనకింకా రాలేదన్న సంగతి ఆ సంబంధంలో ప్రస్తావనకు రాదు. గిటారు చూడచక్కనిదే కాని ఈడు కుదరదు. ఇంతలో ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్నట్టు, కుదరని వాయిద్యంతో అపార్ట్‌మెంట్ వినాయక చవితి పందిట్లో ఏం వాయించాలో మాత్రం నిర్ణయమైపోయింది.

ఈయన్ని సోమరి అని కొట్టిపారేయడం తేలిక, కాని అన్యాయం. సోమరి ఇన్ని గుమ్మాలు ఎక్కి దిగడు. అసలు చిక్కు ఆయన చెవికీ చేతికీ ఉన్న వయసు తేడాలో ఉంది. ఏడేళ్ళ పిల్ల వయొలిన్ మీద కమాను లాగితే తుప్పు పట్టిన తలుపు తీసినట్టుంటుంది. ఆ పిల్లకు మాత్రం అది ముచ్చటగానే వినిపిస్తుంది. మన పెద్దమనిషి చెవికి నలభై అయిదేళ్ళు. ద్వారం వెంకటస్వామి నాయుడు గారి కమానూ, చిట్టిబాబు గారి మీటూ రికార్డుల్లో విని విని పండిన చెవి అది. చెయ్యేమో నిన్న పుట్టింది. పసిచెయ్యి చేసే గోలను ఆ పండిన చెవి ఒక్క నిమిషం సహించదు. పైగా ఆఫీసులో ఇరవై మంది రాసుకొచ్చిన కాగితాలు దిద్దే మనిషి, ఇంట్లో తన తప్పు తానే వినాలి, అదీ పక్క గదిలో పిల్లలు నవ్వు ఆపుకుంటుండగా. ఈ గండం గట్టెక్కడానికి మర్యాదైన దారి ఒక్కటే: ఇంకా వాయిద్యం కుదరలేదనడం. అది కుదరనంత కాలం ఆయన ఒక్క అపస్వరమూ పలికించినవాడు కాడు.

వాయిద్యం వంక మాత్రమేననడానికి మన సంగీత పాఠాల వరసే సాక్ష్యం. వీణైనా, వయొలినైనా, వేణువైనా మొదటి రోజున మాయామాళవగౌళలో సరళీ స్వరాలే. తరవాత జంట స్వరాలు, అలంకారాలు, మలహరిలో గీతాలు, ఆపైన వర్ణం. పురందరదాసు వేశాడని చెప్పుకునే ఈ బాట వాయిద్యం మారినంత మాత్రాన మలుపు తిరగదు. మృదంగానికి స్వరాలు లేవు కదా అని అటు వెళితే అక్కడ ‘త ధి తొం నం’ కాచుకుని కూర్చుని ఉంటుంది, అదే ఓపిక అడుగుతూ. అంటే ఇన్నేళ్ళుగా మనవాడు చూస్తున్నది ఒకే పెళ్ళికూతుర్ని, చీర మార్చి మార్చి.

చూసి ఎంచుకోవడం తప్పా అని ఆయన తరఫున ఎవరైనా అడగవచ్చు. తప్పు కాదు. అగ్గిపెట్టెల్లాంటి ఫ్లాట్లలో తెల్లవారుజామున మృదంగం మోగితే వాచ్‌మన్ పైకొస్తాడు. నడుము నొప్పి ఉన్నవారు నేల మీద కూర్చోలేకపోవడం నిజమే. మెట్లున్న వీణలో స్వరస్థానం కంటికి కనిపిస్తుంది, వయొలిన్‌లో చెవితో వెతుక్కోవాలి. ఈ తేడా చిన్నది కాదు. అయితే ఇవన్నీ ఒక ఆదివారం మధ్యాహ్నం తేల్చుకోదగ్గ సంగతులు. మూడేళ్ళు పట్టిందంటే తూకం వేస్తున్నది వాయిద్యాన్ని కాదని అర్థం. మొక్కై వంగనిది మానై వంగునా అన్నది రెండో అడ్డు. మానును వంచి సభలో కచేరీ చేయించమని ఎవరూ అడగలేదు. ఆది తాళంలో ఒక లఘువు, రెండు ద్రుతాలు కలిస్తే 8 అక్షరాలని పిల్లకు పదిసార్లు చెప్పాలి, పెద్దవాడికి ఒకసారి చాలు. అయినా వీణ చేసేది పనస మొక్కతో కాదు, బాగా ముదిరిన పనస మానుతోనే.

తనకు తగిన వాయిద్యమంటూ ఒకటి ఎక్కడో పుట్టే ఉంటుందన్న నమ్మకానికీ చరిత్ర సాయం రాదు. వయొలిన్ మనది కాదు. ముత్తుస్వామి దీక్షితుల తమ్ముడు బాలుస్వామి దీక్షితులు దాన్ని మన సంగీతంలోకి తెచ్చాడంటారు. ఇప్పుడది లేని కచేరీ అరుదు. ఆకాశవాణి 1940 నుంచి కొన్ని దశాబ్దాలు హార్మోనియాన్ని గుమ్మం బయటే నిలబెట్టింది. పద్య నాటకాలవాళ్ళు దాన్ని నెత్తిన పెట్టుకున్నారు. 1969లో పాలకొల్లులో పుట్టిన యు. శ్రీనివాస్ నాలుగు జతల తీగలుండే మాండొలిన్‌ను ఐదు ఒంటి తీగలకు మార్చుకుని, అందులోనే గమకాలు పలికించాడు. తగిన వాయిద్యం వారికి దొరకలేదు, వాయించి వాయించి తగినట్టు చేసుకున్నారు. ఈ మాట మన పెద్దమనిషితో అనకండి. కద్రి గోపాల్‌నాథ్ శాక్సఫోన్ గుర్తుకొచ్చి, రేపు దాన్ని చూడ్డానికి బయల్దేరతాడు.

ఇన్ని అన్నా ఆయన మీద కోపం నిలవదు. సంగీతమంటే లెక్కలేనివాడు ఎలా వాయిస్తే ఏమని ధైర్యంగా మొదలుపెడతాడు. ఈయనకు అదంటే భక్తి, అందుకే చెయ్యి వణుకుతుంది. ఇక ఆయన మీద ఇంత పొడుగు వ్యాసం రాయడం కూడా సాధన ఎగ్గొట్టే పద్ధతుల్లో ఒకటేనని ఒప్పుకుంటున్నాను. ఇంట్లోవాళ్ళకు ఒక్కటే మనవి: ఆయన మొదలుపెట్టిన రోజున మూడు నెలల పాటు నవ్వకండి, మెచ్చుకోనూ వద్దు, తలుపు దగ్గరగా వేసి వెళ్ళండి. ఆయనకు చెప్పవలసింది ఇంకా చిన్నది. వాయిద్యం వెతకడం ఆపి, నడిచి వెళ్ళే దూరంలో ఎవరు పాఠం చెబుతున్నారో కనుక్కోండి. ఆ మాస్టారు ఏది నేర్పితే అదే మీ వాయిద్యం.